దీపాలు పెట్టాక తీసేయకూడదు

ఆమదాలవలస,
ఆదివారం సాయంత్రం.

అరుణక్కకు,

నీ చెల్లెలు భారతి నమస్కారాలు. నేనిక్కడ కులాసాగా ఉన్నాను. అక్కడ నువ్వూ, బావా, చిన్నోడూ ఎలా ఉన్నారు? అన్నిటికంటే ముందు అమ్మ మోకాలు ఎలా ఉంది? ఫోన్లో అడిగితే "నాకేమే, గుండ్రాయి మాదిరి ఉండాను" అంటుంది. ఆ గుండ్రాయి మేడమెట్లు ఎక్కుతోందో లేదో నువ్వే చెప్పాలి.

ఫోనుండగా ఉత్తరమేమిటని బావ నవ్వుతూ ఉంటాడు. నవ్వనీ. ఫోన్లో అమ్మ "తిన్యావా" దగ్గర మొదలుపెట్టి "ఎప్పుడొస్తావే" దగ్గర ఆపుతుంది, మధ్యలో నాకు సందు దొరకదు. ఈసారి చెప్పాల్సింది చాలా ఉంది. నేనిచ్చిన మాట సంగతీ ఇందులోనే తేల్చాలి. గుర్తుంది కదా? కాలేజీలో నా వికీ క్లాసు నిలబడితే వచ్చే ఏడు కూడా ఇక్కడే ఉంటాను. మూసేస్తే నోరెత్తకుండా పెట్టె సర్దుకుని నంద్యాల వచ్చేసి, అమ్మ చూసిపెట్టిన ఆ కాలేజీలో చేరిపోతాను. నిన్న శనివారం ఆ సంగతి తేలిపోయింది. ఏం తేలిందో చివర్లో చెబుతాను. ముందే ఆఖరి కాగితం తిప్పి చూశావో, నా మీద ఒట్టే.

ముందు నా తిండి సంగతి చెప్పకపోతే అమ్మ మిగతాది చదవనివ్వదు. బాగానే తింటున్నాను. నిజంగానే బాగా తింటున్నానక్కా. మన రాగుల్ని ఇక్కడ చోళ్లంటారు. పొద్దున్నే చోడి అంబలి తాగి కాలేజీకి వెళ్తాను. కారం మాత్రం మన లెక్కకి పసిపిల్లల అన్నప్రాసనకి పెట్టేటంత. గుమ్మడికాయ పులుసులో బెల్లం వేస్తారు! మొదటిసారి మొహం గోడవైపు తిప్పుకుని మింగాను. ఇప్పుడు మారు వడ్డించుకుంటున్నాను. ఈ ముక్క అమ్మకి చదివి వినిపించకు.

మా ఇంటావిడ అప్పలనర్సమ్మ గారు నాకు రోజూ ఏదో ఒకటి గిన్నెలో పెట్టి మూతేసి తెస్తుంది. "ఓలమ్మ, ఏటలాగ సిక్కిపోతన్నావు? మీ అమ్మ సూస్తే నన్ను తిట్టదేటి?" అంటుంది. ఆవిడ అమ్మని ఎన్నడూ చూడలేదు, అయినా అప్పుడే భయపడుతోంది. అమ్మ పేరు ఇంతదూరం ఎలా వచ్చిందో నాకూ తెలియదు.

వచ్చిన కొత్తలో కష్టమైన మాట నిజమే. వానాకాలం ఉక్కకి ఉతికిన చీర ఆరేది కాదు, కట్టుకున్న చీర పొడిగా ఉండేది కాదు. సాయంత్రం స్టేషను వంతెన మీద నిలబడి, మన వైపు వెళ్లే బండి ఏదో చూసుకుని, ఒకటి రెండుసార్లు ఏడ్చాను కూడా. ఇప్పుడదంతా పోయింది. చలికాలం ఇక్కడ హాయిగా ఉంటుంది. ఇంకా ఆ వంతెన మీదకి వెళ్తున్నాను గానీ వేడి పల్లీలు కొనుక్కోవడానికి. దిగులు పెట్టుకోవద్దని అమ్మకి గట్టిగా చెప్పు.

ఇక అసలు కథ. నా దగ్గర డిగ్రీ రెండో ఏడాది పిల్లలు ఎకనామిక్స్ చదువుతారని చెప్పాను కదా. వాళ్లలో సగంమంది చుట్టుపక్కల పల్లెల రైతుల పిల్లలు. పాసింజరు బండిలో వచ్చి, మధ్యాహ్నం బండికి వెళ్లిపోతారు. మిగతా సగం ఈ ఊరి బజారులో కొట్లున్నవాళ్ల పిల్లలు. వాళ్లు కుడివైపు బెంచీల మీద, వీళ్లు ఎడమవైపు. మధ్యలో నేను నడిచే దారి. వాళ్ల నాన్నలు ఒకరు ధాన్యం అమ్మితే ఇంకొకరు కొంటారు. పిల్లలు మాత్రం ఒకరి నోట్సు ఒకరు అడగరు. అందరి దగ్గరా ఒకటే గైడు, పరీక్షలో అందరి పేపర్లలోనూ అవే తప్పులు.

ఇలా లాభం లేదని, గింజ పొలంలోంచి బియ్యం కొట్టుదాకా ఏ దారిన వస్తుందో, దారిలో ఎవరెవరి చేతులు పడతాయో మీరే కనుక్కుని రాయండి అన్నాను. పల్లె పిల్లలకి సగం దారి తెలుసు, కొట్ల పిల్లలకి మిగతా సగం తెలుసు. కలిపి రాస్తే తప్ప పూర్తికాదు. కలిపి రాయడానికే వికీ పెట్టాను.

వికీ అంటే ఏమిటని నువ్వు పోయినసారి అడిగావు, నేను సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను విను. నువ్వూ అమ్మా ఒకరికి తెలియకుండా ఒకరు పప్పులో ఉప్పేస్తారు చూడు, అలాంటిదే. నెట్‌లో ఒక పేజీ ఉంటుంది, క్లాసులో ఎవరైనా అందులో రాయొచ్చు, ఇంకొకరు రాసింది దిద్దొచ్చు, తీసేయొచ్చు. కాకపోతే ఈ గిన్నెకి జ్ఞాపకశక్తి ఉంది. ఉప్పు ఎవరు ఎప్పుడు వేశారో "చరిత్ర" అని నొక్కితే చెప్పేస్తుంది. మనింట్లో అది ఉంటే అమ్మ ఏనాడో దొరికిపోయేది.

మొదట్లో ఎవరూ ఇంకొకరి వాక్యం ముట్టుకోలేదు. "ఆడు రాసింది నేను దిద్దితే ఆడు బాధపడడేటి మేడమ్?" అనేవాళ్లు. వికీ కాస్తా ఎవరి గది వాళ్లు తాళం వేసుకున్న సత్రంలా తయారైంది. అప్పుడు అప్పలనాయుడని ఒక పల్లె కుర్రాడు లేచాడు. ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చుని కిటికీలోంచి మబ్బులు చూసే రకం. "ఉభాల్లో లాగేనా మేడమ్? ఈయాల అందరం నా మడిలో నాటుతాం, రేపు ఆల మడిలో. ఈ మొక్క నాను నాటినాను, ముట్టుకోకండి అని ఎవలూ అనరు" అన్నాడు. ఇక్కడ వరినాట్లని ఉభాలంటారు. ఆ ఒక్క మాటతో పల్లె పిల్లలకి వికీ అర్థమైపోయింది. నేను వారం రోజులు బోర్డు మీద బొమ్మలు గీసి సాధించలేనిది వాడు లేచి నిలబడినంతలో సాధించాడు.

మా ప్రిన్సిపాల్ మంచాయనే గాని కొత్తదేది చూసినా దోమని చూసినట్టు చూస్తారు. "సరే కానివ్వండి. చలికాలంలో పిల్లల తల్లిదండ్రుల్ని పిలిచి, మీరు చేసింది చూపించండి. బాగుంటే వచ్చే ఏడు కూడా మీదే. లేదంటే ల్యాబు టైపింగు క్లాసుకి ఇచ్చేస్తాను" అన్నారు. నా ఉద్యోగం ఏడాదికేడాది పొడిగించేది కదా, ఆ మాటలో నేను కూడా ఉన్నానని నాకూ ఆయనకీ తెలుసు.

వికీకి ఒక సంరక్షకురాలు కావాలి. కొత్తవాళ్లకి ప్రవేశం ఇవ్వడం, అవసరమైతే పేజీకి తాళం వేయడం ఆ మనిషి పని. సత్యవతిని పెట్టాను. వాళ్లకి బజారులో బియ్యం, పచారీ కొట్టు ఉంది. అంత జాగ్రత్తయిన పిల్లని నువ్వు చూసి ఉండవు. క్లాసయ్యాక చాక్‌పీసు ముక్కలు కూడా ఏరి పెట్టెలో వేస్తుంది.

అంతా సాఫీగా సాగుతోంది అనుకుంటుండగా ఒకరోజు వికీ తెరిస్తే మొదటి పేజీ నెత్తిమీద ఒక నిమ్మకాయ, కింద పచ్చిమిరపకాయలు, దారానికి గుచ్చిన ఫొటో!  చరిత్ర నొక్కితే సత్యవతి పేరు చూపించింది, ఆ పిల్ల పేరుతో ఎవరో దొంగలు జొరబడ్డారనుకున్నాను. పాస్‌వర్డులన్నీ మార్చేశాను, కొత్తది ఎక్కడో రాసుకుని అదెక్కడ పెట్టానో మరిచిపోయి బియ్యం డబ్బాలో వెతికాను. నవ్వకు.

ఆ సమయంలోనే పల్లె పిల్లలు రాయడం మానేశారు. అడిగితే ఎవరూ చెప్పరు, తలొంచుకుంటారు. అప్పలనాయుడు మళ్లీ మబ్బులు చూడటం మొదలుపెట్టాడు. నాకు భయం పట్టుకుంది. చూపించాల్సిన రోజు దగ్గరికొస్తోంది, సగం దారి ఖాళీగా ఉంది. పెట్టె సర్దుకోవాల్సి వస్తుందేమో అనిపించింది. ఆ వారమే నీకు ఫోన్ చేసి ఊరికే చిన్నోడితో మాట్లాడి పెట్టేశాను, గుర్తుందా? అదే సంగతి.

చివరికి క్లాసులో గట్టిగా నిలదీశాను. అప్పలనాయుడు ఒక్కసారిగా బద్దలయ్యాడు. "మేం కాలేజీ నుంచి ఎల్లి, పొలం పని సూసుకుని ఇంటికొచ్చీసరికి పొద్దోతాది. అప్పుడే మాకు ఫోను సేతికొచ్చీది. తెరిస్తే పేజీలన్నిటికీ తాళం! రోజూ అంతే. మా రాతలు ఆలకి అక్కర్లేదని ఊరుకున్నాం."

అందరూ సత్యవతి వైపు చూశారు. నేనూ కోపంగానే చూశాను, అబద్ధమెందుకు. వ్యాపారస్తుల పిల్ల, రైతుల పిల్లల్ని గుమ్మంలోనే ఆపేసిందనుకున్నాను. ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని లేచింది. "అదేటి మేడమ్, కొట్టు తెరిసి వదిలీసి ఎవరైనా ఇంట్లోకి ఎల్లిపోతారేటి? నాన్న షట్టరు దించీ టయానికి నేనూ తాళం ఏసీస్తన్నాను. పొద్దున్న కొట్టు తీసినప్పుడు తీసీస్తన్నాను. మీరే కదా జాగర్తగా సూసుకోమన్నారు?"

"మరి ఆ నిమ్మకాయ?" అన్నాను.

"దిష్టి తగలదేటి మేడమ్? ఇంతమంది సూస్తన్నారు!"

క్లాసంతా పగలబడి నవ్వింది. అప్పలనాయుడు కూడా నవ్వాడు గాని పట్టు వదల్లేదు. తాళం తీసేయమన్నాడు. సత్యవతి ఒప్పుకోలేదు. "దీపాలెట్టాక మా అమ్మ ఉప్పు అడిగినా ఎవలికీ ఇవ్వదు, సూది అడిగినా ఇవ్వదు. లచ్చిమి బయటికి ఎల్లిపోతాదంటాది. రాత్రేళ ఎవలైనా వచ్చి ఉన్నదంతా సెరిపీసి పోతే? ఎంత కట్టపడి రాసినాం!" అంది. 

"మా ఇంట్లోనూ అంతే" అన్నాడు అప్పలనాయుడు. "పొద్దోయాక గింజ బయటికి పంపం. కానీ కళ్లం నుంచి బండొస్తే, దీపాలెట్టీసినాం ఎల్లిపొమ్మని గుమ్మంలో ఆపుతామేటి? లోపలికి దించుకుంటాం."

  "అలాగైతే..." అంది సత్యవతి. "అలాగైతే దీపాలెట్టాక కలపండి. తీయకండి. తీసీది ఏటైనా ఉంటే పొద్దున్నే తీసుకుందాం. తాళం ఎయ్యను."

అక్కా, అదే మా వికీ కట్టుబాటు అయిపోయింది. ఏ కంప్యూటరూ ఇలాంటి నియమం పెట్టలేదు, అది నోటిమాట మీద నడవాలి, నడుస్తోంది. పొద్దుగూకాక ఎంతైనా చేర్చొచ్చు, ఒక్క అక్షరం తీయకూడదు. పొద్దున్న లేచి, నిద్ర కళ్లు నులుముకుని, చల్లబడ్డ బుర్రతో చూసి, ఇంకా తీసేయాలనిపిస్తే తీసేయొచ్చు. దీనివల్ల ఎంత మేలు జరిగిందో ఒక్క ఉదాహరణ చెబుతాను.

ఒక పేజీలో కొట్ల పిల్లలు ఇలా రాశారు: రైతులు తడి ధాన్యం తెస్తారు, అందుకే వ్యాపారి తూకంలో తరుగు తీస్తాడు. తడికి పోయే బరువు ముందే తగ్గించుకోవడాన్ని తరుగంటారు. రైతులకీ కొట్లవాళ్లకీ ఈ మాట మీదే తరతరాలుగా తగవులు. అప్పలనాయుడు సాయంత్రం అది చూసి నాకు ఫోన్ చేశాడు. ఫోన్లోంచే ఆవిరి వస్తోంది. "మేడమ్, ఈ ముక్క తీసీయమంటారా?"

"దీపాలు పెట్టారా?" అన్నాను.

గుమ్మం దాకా వెళ్లి చూసొచ్చినట్టున్నాడు. "ఎట్టీసినారు మేడమ్."

"మరింకేం?"

ఫోన్ పెట్టేశాడు. తీయడానికి లేదు కాబట్టి ఆ వాక్యం కిందే రాశాడు. తడి ఎందుకుంటుందో రాశాడు. వాళ్లూళ్లో ఆరబెట్టడానికి గచ్చు లేదని, రోడ్డు మీద పోస్తే బస్సులొస్తాయని రాశాడు. వాళ్లమ్మని అడిగితే ఆవిడన్న మాట ఉన్నదున్నట్టు రాశాడు: "వాన ముందొస్తాదో లారీ ముందొస్తాదో సూసుకుంటూ ఎక్కడ ఆరబెడతాం?" పొద్దున్న కొట్ల పిల్లలు అది చదివారు. ఒక్క ముక్క తీయలేదు. తడి ధాన్యం కొంటే మిల్లులో నూక ఎంత పడుతుందో తమ వైపు కష్టం చేర్చారు. సాయంత్రానికి పల్లె పిల్లలు మళ్లీ చేర్చారు. అలా ఆ పేజీ మా వికీలో అన్నిటికంటే పొడుగైపోయింది. పోట్లాట లాగే ఉంది, చదువూ అదే. నేను గైడులోంచి చెబితే ఇందులో ఒక్క వాక్యం కూడా వాళ్లకి తెలిసేది కాదు.

నిన్న శనివారం తల్లిదండ్రులొచ్చారు. మధ్యాహ్నం అనుకున్నది, ప్రిన్సిపాల్ గారి ఉపన్యాసం వల్ల సాయంత్రమైంది. ల్యాబులో గోడ మీదకి పెద్దగా కనబడేలా వికీ పెట్టాం. ఒక వైపు కొట్లవాళ్లు, ఒక వైపు పల్లెలవాళ్లు కూర్చున్నారు, పిల్లల్లాగే. నేను మాత్రం గోడ పక్కన నిలబడ్డాను.

పిల్లలు ఒక్కొక్క పేజీ చదివి వినిపించారు. తరుగు పేజీ వంతు వచ్చింది. అప్పలనాయుడి తల్లి తన మాట గోడ మీద కనబడగానే "ఓలమ్మో, నాను ఊరికే అన్న మాట ఇక్కడెట్టీసినాడేటి వీడు!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సత్యవతి నాన్నగారి మొహం మాత్రం కందగడ్డ అయింది. లేచి నిలబడ్డారు. "అమ్మాయ్, ఇదేటిది? మన కొట్టు గురించి కూడా రాసినట్టే ఉన్నాది. ఆ ముక్క తీసీ" అన్నారు.

ప్రిన్సిపాల్ గారు నా వైపు చూశారు. నా పెట్టె సర్దుకున్నట్టే అనుకున్నాను. నిజంగా ఆ క్షణంలో మన వీధి, మన గుమ్మం కళ్లముందు కనబడ్డాయి, కానీ వాటిని చూసి సంతోషం వేయలేదక్కా. ఈ పిల్లల్ని వదిలిపోవాలని బాధ వేసింది.

సత్యవతి కదల్లేదు. కిటికీ వైపు చూపించింది. బయట బజారులో దీపాలు వెలిగాయి. "నాన్నా, దీపాలెట్టీసినారు. ఇప్పుడు తీయకూడదు. అమ్మ ఉప్పు ఇస్తాదేటి ఈయేళప్పుడు? మీకు సెప్పాలనున్నది ఏటైనా ఉంటే కలపండి. నేను టైపు సేస్తాను."

 ఇంట్లో ఆయనా పాటించే ఆచారమే, కాదనడానికి లేదు. కొట్లవాళ్ల వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన కూర్చుని, పై కండువాతో మొహం తుడుచుకుని, గోడ మీద మాటల్ని మళ్లీ మొదటినుంచీ చదివారు. అప్పలనాయుడి తల్లి మాట దగ్గర ఆగి రెండోసారి చదివారు. తర్వాత నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టారు. కూతురు టైపు చేసింది. మేమంతా ఒక్కొక్క అక్షరం గోడ మీద వస్తుంటే చూశాం:

"మా కొట్టు ఎనకాల గచ్చు ఖాళీగానే ఉంటాది. ఎండున్న రోజుల్లో రైతులు గింజ అక్కడ ఆరబెట్టుకోవచ్చు. ఆరినాకే తూకం."

"నాన్నా, పొద్దున్నే మళ్లీ ఇది తీసీమంటారేటి?" అంది సత్యవతి.

"తీయమననే. రాసినాను కదా" అన్నారు ఆయన.

అప్పలనాయుడి తల్లి ఊరుకుంటుందా! "అయితే రేపే తెస్తాం బాబూ, మాకింకా బస్తాలు ఉన్నాయి" అంది. ల్యాబంతా నవ్వులు. నేను గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. ఈసారి ఏడుపు వంతెన మీది ఏడుపు కాదు.

ప్రిన్సిపాల్ గారు వెళ్తూ వెళ్తూ ఏమన్నారో తెలుసా? "వచ్చే ఏడు మొదటి సంవత్సరం వాళ్లకి కూడా ఇదే పెట్టండి మేడమ్. ఆ నిమ్మకాయ మాత్రం తీసేయించండి." నేను బయటికి చూసి, "పొద్దున తీయిస్తాను సార్" అన్నాను. ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను.

ఇవాళ పొద్దున్న బజారుకి వెళ్లి ఆ కొట్టు వెనక తొంగిచూశాను. గచ్చు మీద ధాన్యం పరిచి ఉంది. అప్పలనాయుడు కాలితో తిరగేస్తున్నాడు, సత్యవతి గుమ్మంలో నిలబడి కోళ్లని తోలుతోంది. నిమ్మకాయ సంగతి అడిగితే "ఇంకొన్నాళ్లు ఉంచుదాం మేడమ్, ఇప్పుడే ఎక్కువ దిష్టి" అంది. ఉంచేశాను.

అదీ సంగతి. ఇంకొన్ని చిన్న పనులున్నాయి నీకు. గొడ్డుకారం సీసా అడుగంటింది, ఇంకొకటి పంపు. అప్పలనర్సమ్మ గారికి బొరుగులతో ఉగ్గాని చేసి పెడితే తెగ నచ్చింది, నాకు మాత్రం నీ చేతి రుచి రాలేదు. ఎక్కడ తప్పుతున్నానో రాయి. మన వైపు సన్నబియ్యం పొలం నుంచి కొట్టుకి ఎలా వస్తాయో బావని అడిగి చెప్పు, మా పిల్లలు మన వైపు కూడా ఒక పేజీ పెడతారట. బావ తనకి తెలియదంటే వదలకు, కొంత తెలుసు. చిన్నోడికి జీడిపప్పు పంపుతున్నాను, అందులో సగం బావ తినకుండా చూడు.

ఇక అమ్మకి నువ్వే చెప్పాలి. నేను మాట తప్పలేదు, క్లాసు నిలబడింది కాబట్టి వచ్చే ఏడు కూడా ఇక్కడే. అమ్మ మొదట మూతి ముడుస్తుంది. "ఆ ఊరు వద్దు, మానెయ్యమను దాన్ని" అంటుంది. అప్పుడు నువ్వు ఈ మాట చెప్పు: చెల్లెలు ఈ ఉత్తరం దీపం పెట్టాక రాసింది. దీపాలు పెట్టాక మనింట్లో నుంచి ఎవరికీ ఉప్పు ఇవ్వనిది అమ్మే కదా, ఆ పట్టింపు మనందరికంటే తనకే ఎక్కువ. అందుకని ఈ ఊరిని తీసేయమని నన్ను ఈ వేళప్పుడు అడగకూడదు. నంద్యాలని నేనెక్కడికీ తీసేయడం లేదని, దానికి ఇంకో ఊరు కలుపుకుంటున్నానంతే అని చెప్పు. మోకాలు కుదుటపడ్డాక తనే ఒకసారి రావాలి. అప్పలనర్సమ్మ గారు అప్పుడే మంచం, కొత్త దుప్పటి సిద్ధం చేసి, అమ్మ తిట్లకి కూడా సిద్ధపడి ఉంది.

ఈ కాగితం అడుగున సగం ఖాళీగా వదిలాను. అక్కడ అమ్మ చేత ఒక ముక్క రాయించి, ఇదే కాగితం మళ్లీ నాకు పంపు. ఏం రాసినా సరే, తిట్లయినా సరే, కింద కలపమను. నేను రాసింది కొట్టేయాలనిపిస్తే మాత్రం పొద్దునదాకా ఆగమను.

బావకి నా నమస్కారాలు, పక్కింటి పెద్దమ్మని అడిగానని చెప్పు, చిన్నోడికి ముద్దులు. అమ్మ పాదాలకి నమస్కరించి, నీ దీవెనలు కోరుకునే

చెల్లెలు
భారతి